ఆరడుగుల తొట్టి, రెండు తాబేళ్ళు: ఇప్పటిదాకా అయిన పని

ముందు తాబేళ్ళ సంగతి. రెండూ రెడ్ ఇయర్డ్ స్లైడర్లు. కంటి వెనక ఎర్ర చార ఉంటుంది, షాపుల్లో బిళ్ళంత సైజులో అమ్ముతారే, అవే. వైజాగ్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఉద్యోగం మారి వెళ్ళిపోతూ వీటిని తెచ్చి బరంపురంలో నా నెత్తిన పెట్టాడు. అప్పటికే ఒక్కోటి 5 అంగుళాలు. ముందుకాళ్ళ గోళ్ళు పొట్టిగా, తోక సన్నగా ఉన్నాయి కాబట్టి రెండూ ఆడవే అనుకోవచ్చు, మగదైతే గోళ్ళు బారుగా ఉంటాయి. ఈ లెక్క ముందే ఎందుకు చూసుకోవాలంటే, మగది 8 అంగుళాల దగ్గర ఆగిపోతుంది, ఆడది 10, 12 దాకా వెళ్తుంది, పైగా 20, 30 ఏళ్ళు బతుకుతుంది. తొట్టి ఇప్పటి సైజుకి కొంటే రెండేళ్ళకి మళ్ళీ కొనాలి.

తాబేలు పెంచేవాళ్ళ మోటు లెక్క ఒకటుంది: చిప్ప పొడవు అంగుళానికి 10 గ్యాలన్లు, అంటే 38 లీటర్లు, రెండోదానికి అందులో సగం కలుపుకోవాలి. ఆ లెక్కన 10 అంగుళాలవి రెండుంటే 570 లీటర్లు. నేను 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఖాయం చేసుకున్నాను. నీళ్ళు 18 అంగుళాల వరకే పోస్తాను, పై అరడుగు ఖాళీ, లేకపోతే ఇవి ఎక్కి దూకేస్తాయి. అలా పోస్తే 510 లీటర్లు పడుతుంది. లెక్కకి కొంచెం తక్కువే, ఆ లోటు ఫిల్టరుతో పూడ్చాలి.

అసలు టెన్షన్ బరువు. నీళ్ళే 510 కిలోలు, 12 ఎంఎం గ్లాసు ఇంకో 120 కిలోలు, ఆపైన స్టాండు. ఇదంతా 12 చదరపు అడుగుల మీద కూర్చుంటుంది, అంటే చదరపు మీటరుకి 550 కిలోలు దాటుతుంది. మన ఇళ్ళ శ్లాబులకి మామూలుగా వేసుకునే లెక్క చదరపు మీటరుకి 200 కిలోలు. మేడ మీద గదిలో పెడదామని మా ఆవిడ అన్నా నేను ఒప్పుకోలేదు, కింద ముందుగదిలో నేల మీదే పెట్టాం. మేడ మీద తప్పదనుకునేవాళ్ళు ఇంజినీరుని పిలిచి దూలం ఎక్కడుందో చూపించుకోండి, పక్కింటాయన మాట నమ్మి పెట్టకండి.

స్టాండు వెల్డింగ్ షాపులో 40 ఎంఎం ఇనుప చదరపు పైపుతో చేయించాను, ఆరు కాళ్ళు, రెండు పూతల రెడ్ ఆక్సైడు, దాని మీద నల్ల ఎనామిల్. సముద్రం పదిహేను కిలోమీటర్లలో ఉన్న ఊరు, ఇక్కడ ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. స్టాండు మీద 18 ఎంఎం ప్లైవుడ్, దాని మీద అరంగుళం థర్మోకోల్, ఆ పైన గ్లాసు. ఆ థర్మోకోల్ లేకపోతే అడుగున చిన్న ఇసుక రేణువు ఉన్నా గ్లాసు అక్కడే చిట్లుతుంది.

గ్లాసు ఊళ్ళోనే కోయించాం. అతికించడానికి ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ కావాలి, అదీ బూజు పట్టకుండా మందు కలిపిన బాత్‌రూం రకం కాకుండా. అతికించాక వారం రోజులు ముట్టుకోలేదు. తర్వాత వాకిట్లో నీళ్ళు నింపి రెండు రోజులు వదిలేశాం. గ్లాసుకీ కూలికీ కలిపి 11,000 రూపాయలైంది. పక్క వీధి పిల్లలు అప్పటినుంచీ రోజూ సాయంత్రం గేటు పట్టుకుని "కొఇంఛొ దేఖిబి" (ఒడియాలో, తాబేలు చూస్తా) అని ఒకటే గొడవ, తాబేళ్ళేమో అప్పటికింకా టబ్బులోనే ఉన్నాయి.

ఇక ఫిల్టరు. డబ్బులు పెట్టాల్సిందీ, బుర్ర పెట్టాల్సిందీ ఇక్కడే. చేపల తొట్టికి సరిపోయే ఫిల్టరు తాబేళ్ళకి పనికిరాదు, ఇవి తినేటప్పుడు చింపి సగం నీళ్ళలో వదిలేస్తాయి, మిగతా సగం మర్నాటికి ఇంకో రూపంలో వదులుతాయి. మన తొట్టికి రెండు మూడు రెట్లుండే తొట్టికి అని రాసి ఉన్న ఫిల్టరు తీసుకోమంటారు. అంత పెద్ద క్యానిస్టర్ (మూత బిగించిన డబ్బా ఫిల్టరు) కొనే బదులు 50 లీటర్ల నీలం డ్రమ్ముతో సొంతంగా కట్టాను. తొట్టిలో గంటకి 3,000 లీటర్ల పంపు, చుట్టూ ప్లాస్టిక్ బుట్ట, ఎందుకంటే వైరు కనబడితే కొరుకుతాయి. పంపు నీళ్ళని పక్కన ఎత్తు స్టాండు మీదున్న డ్రమ్ములోకి తోస్తుంది, నీళ్ళు పైనుంచి స్పాంజి, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, దాని కింద కుండపెంకులూ ఇటుక ముక్కలూ దాటి, అడుగునుంచి పైపులో లేచి, వాటంతటవే తొట్టిలోకి పడతాయి. ఇటుక ముక్కలు బాక్టీరియా కోసం. తాబేళ్ళ వ్యర్థాల్లోంచి వచ్చే విషపు అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని అంత హాని లేని నైట్రేట్‌గా మార్చేవి ఆ బాక్టీరియాలే.

పంపు పైపు కొస డ్రమ్ములో నీటిమట్టానికి పైన ఉండాలి, మునిగి ఉంటే కరెంటు పోగానే సైఫన్ అయి డ్రమ్ములో నీళ్ళు వెనక్కి వచ్చేస్తాయి. బయటికెళ్ళే పైపులు రెండు పెట్టాను, ఒకటి ఆకుతో మూసుకుపోయినా రెండోది ఉంటుంది. కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ రోజులు చూసినవాళ్ళెవరూ ఇక్కడ కరెంటుని నమ్మి ఏదీ కట్టరు. తాబేళ్ళు పైకొచ్చి గాలి పీలుస్తాయి కాబట్టి పంపు ఆగితే చేపల్లా చావవు, చచ్చేది ఫిల్టరులో బాక్టీరియా. మూసేసిన క్యానిస్టర్‌లో గంటలకొద్దీ నిలవున్న నీళ్ళు కుళ్ళుతాయి, కరెంటు రాగానే ఆ కంపంతా తొట్టిలోకి వస్తుంది. డ్రమ్ముకి మూత బిగించను, ఎక్కువసేపు కరెంటు లేకపోతే అందులోకి బ్యాటరీ ఎయిర్ పంపు వేస్తాను.

స్నేహితుడి చేపల తొట్టిలోని పాత స్పాంజి తెచ్చి డ్రమ్ములో పడేశాను, కొత్త ఫిల్టరు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది ఇలా కాస్త త్వరగా అవుతుంది. టెస్ట్ కిట్‌తో చూస్తే ఇప్పుడు అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ లీటరుకి 40 మిల్లీగ్రాముల లోపు. వారానికి పావు వంతు నీళ్ళు మారుస్తున్నాను, తీసిన నీళ్ళు మందారాలకీ అరటికీ. మా బోరు నీళ్ళలో కఠినత్వం (సున్నపు లవణాలు) ఎక్కువ, గ్లాసు మీద తెల్లచారలు కడుతుంది, వెనిగర్ గుడ్డతో తుడిస్తే పోతుంది, తాబేళ్ళకి దాంతో ఇబ్బందేం లేదు. మున్సిపాలిటీ నీళ్ళు వాడేవాళ్ళు మాత్రం క్లోరిన్ పోగొట్టే మందు వేయాలి.

అడుగున గులకరాళ్ళు వేయలేదు. అందంగా ఉంటుంది గానీ వీటికి రాయి మింగే అలవాటు, పేగు మూసుకుపోతుంది. ఉత్త గ్లాసే మేలు, చెత్త కూడా కనిపిస్తుంది.

ఎండ కాసుకునే చోటుకి తొట్టి పైన ప్లైవుడ్ పెట్టె, ఎక్కడానికి ప్లాస్టిక్ వల చుట్టిన వాలు బల్ల. అక్కడ వేడి 32 డిగ్రీలు దాటేలా ఒక బల్బు, దాంతోపాటు టీ5 (సన్న రకం) యూవీబీ ట్యూబు, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది. మామూలు ఎల్‌ఈడీ ఎంత వెలుగిచ్చినా యూవీబీ ఇవ్వదు, అది లేకపోతే కాల్షియం ఒంటబట్టక చిప్ప మెత్తబడుతుంది. ట్యూబుకీ తాబేలుకీ మధ్య గ్లాసు గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు, యూవీబీని అవి ఆపేస్తాయి, కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండ కూడా అందుకే లెక్కలోకి రాదు. వెలుగు వస్తున్నా ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. పొద్దున్న ఎండ ఉన్నప్పుడు టబ్బులో, సగం నీడ ఉండేలా, వాకిట్లో పెడుతున్నాను, అది ఏ ట్యూబూ ఇవ్వలేదు. కాకులున్నాయి కాబట్టి పైన వల తప్పదు.

తిండికి రోజు మార్చి రోజు గుళికలు, మధ్యలో అజొల్లా, తురిమిన క్యారెట్, గుమ్మడి. పాలకూర, తోటకూర, కాల్షియాన్ని ఒంటబట్టనివ్వని ఆక్సలేట్ల వల్ల తగ్గించాను. గోల్డ్‌ఫిష్ వేయమని చెప్పేవాళ్ళుంటారు, వద్దు, వాటిలోని థయామినేజ్ విటమిన్ బీ1ని చెడగొడుతుంది. కాల్షియానికి సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక), గోపాల్‌పూర్ ఒడ్డున ఏరుకొచ్చి, ఉప్పు పోయేదాకా నానబెట్టి, ఎండబెట్టి ముక్కలుగా వేస్తున్నాను, భలే కొరుకుతున్నాయి. పెట్టేటప్పుడు వేరే టబ్బులోకి మారిస్తే తొట్టి శుభ్రంగా ఉంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా (జ్వరం, విరేచనాలు తెచ్చే బాక్టీరియా) భయం ఉత్తది కాదు, అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని 1975లో ఆపింది దానికోసమే.

ఎదురింటి మామ్మగారు శ్రీకూర్మం వెళ్ళొచ్చినప్పటినుంచీ వీటికి దణ్ణం పెట్టి, చెరువులో దొరికిందని మనవడి చేత ఇంకోటి తెప్పిస్తానంటున్నారు. వద్దమ్మా అని గట్టిగా చెప్పాను. చెరువు తాబేలు, నక్షత్ర తాబేలు, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఒడ్డున గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేలు, అన్నీ 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, ఇంట్లో పెట్టుకుంటే కేసు. స్లైడర్లని విసుగొచ్చి చెరువులో వదలడం ఇంకా ఘోరం, మన తాబేళ్ళ తిండీ చోటూ లాక్కుంటాయి.

మే నెలలో నీళ్ళు 32 డిగ్రీలు దాటాయి. ఫ్యాను పెడితే ఒక డిగ్రీ తగ్గింది, ఇక్కడి గాలి తేమకి అంతకంటే ఆవిరి కాదు. వేడి బల్బు పగలు ఆపేసి, సీసాల్లో గడ్డకట్టిన నీళ్ళు ఒక మూల వేలాడదీశాను. డిసెంబరు లోపు చేయాల్సినవి రెండు: 300 వాట్ల హీటరు (దానికి పగలకుండా పైపు తొడుగు), ఈ తొట్టి లైనుకి విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి. ఎలక్ట్రీషియన్ దసరా తర్వాత వస్తానన్నాడు, ఆర్‌సీసీబీ పెట్టేదాకా నీళ్ళలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గులన్నీ పీకేస్తున్నాను.