రేగడి ఆరకముందే

ఆదివారం. చిత్త కార్తె.

నిన్న పొలం నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. మా థార్ జీపు ఏ రంగుదో చెప్పడానికి లేదు, పైనుంచి కింద దాకా ఒకటే నలుపు. కొట్టం ముందర పెట్టి అరగంట అలాగే వదిలేశాను. బ్రేకు డిస్కులు కాలుతున్నప్పుడు చన్నీళ్ళు కొడితే వంకర పోతాయి. చల్లారాక పైపు పెట్టి నాలుగు చక్రాలనూ, మడ్‌గార్డుల లోపలి భాగాన్నీ బాగా తడిపి, తడి గోనెపట్టాలు కప్పి పడుకున్నాను. రాత్రిపూట కడిగితే అడుగున ఏమీ కనబడదు. అలాగని తెల్లారేదాకా ఊరికే వదిలేస్తే రేగడి ఆరిపోతుంది. అదే నా భయం.

ఎర్రనేల బురద వేరు. ఆరినా చీపురుతో నాలుగు దెబ్బలు కొడితే సగం రాలిపోతుంది. మా కోవెలకుంట్ల వైపు నల్లరేగడి అలా కాదు. నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుంటుంది. పైపైన పెచ్చులుగా ఊడిపోయి బండి శుభ్రమైనట్టే కనిపిస్తుంది కానీ, సందుల్లో మాత్రం ఇటుకలా కూర్చుంటుంది. ఇక దాన్ని సుత్తి పెట్టి కొట్టాల్సిందే.

పోయింది విత్తనం కోసం. జేజీ-11 రకం శనగలు ఆరు బస్తాలు చేని దగ్గర రేకుల కొట్టంలో పెట్టుకున్నాం. మొన్న రాత్రి వానకు రేకు లేచిపోయి నీళ్ళు కారుతున్నాయని పక్క చేని చిన్నాయన ఫోన్ చేశాడు. ఆ అదనులో ట్రాక్టరు బాడుగకు దొరకలేదు. విత్తనం తడిసి మొలకెత్తితే ఈ ఏటికి మా చేను బీడే. అందుకే థార్ తీశాను. 2014 మోడలు, మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్నది. వంకలో మోకాటి లోతు నీళ్ళున్నాయి. దాటాక పొలం రస్తాలో ఫోర్-లో, అంటే నాలుగు చక్రాలూ లాగే తక్కువ గేరు వేసి, ఎక్సలేటరు మీద కాలు బరువు పడకుండా మెల్లగా పోనిచ్చాను. అయినా చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య రేగడి కూరుకుపోయి, మూడుసార్లు దిగి వెదురు బద్దతో తవ్వి తీయాల్సి వచ్చింది. బస్తాలు మాత్రం అడుగున ఒక్కటే కొద్దిగా తడిసింది. మిగతా ఐదూ పొడిగా ఇల్లు చేరాయి.

పొద్దున బండిని చూసి అమ్మ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది. నవ్వుతూనే అందిలే. చేను ఉన్నవాళ్ళకు అడుసు తొక్కక తప్పదు కదమ్మా, కడుక్కోవడం నేర్చుకోవాలి గానీ, అన్నాను.

ఆ నేర్చుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. పోయినేడు ఇలాగే బురదలో తిరిగి వచ్చి, ఒక వాటర్ సర్వీసింగ్ వాళ్ళకు ఇచ్చాను. గంటలో అద్దంలా మెరిపించి ఇచ్చారు. అడుగున డీజిలు కూడా స్ప్రే చేశారు. తళతళలాడుతుంటే నాకూ ముచ్చటేసింది. వారం తిరక్కముందే నంద్యాల రోడ్డు మీద డెబ్బై దాటగానే స్టీరింగు వణకడం మొదలైంది. టైరు షాపుకు పోతే అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు రెండూ చేయాలన్నారు. ఎందుకో అనుమానం వచ్చి మా మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చక్రం విప్పి రిమ్ము లోపలి వైపు తిప్పి చూపించాడు. అరచేతి మందాన ఎండిన రేగడి ఒకే పక్కన అతుక్కుని ఉంది. అది గీకి పారేస్తే వణుకు పోయింది. అదే రోజు రేడియేటరు కూడా చూశాడు. రెక్కల మధ్య మన్ను నిండి గాలి ఆడటం లేదు. పైగా ప్రెషరు నీళ్ళు దగ్గర్నుంచి కొట్టడం వల్ల ముందు వైపు రెక్కలు చాలా చోట్ల పడుకుండిపోయాయి. డీజిలు తగిలిన రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడతాయని చెప్పిందీ ఆయనే. ఆ రోజు నుంచి బండిని నా చేత్తోనే కడుగుతున్నాను. ఇందులో పంతమేమీ లేదు. కడిగేటప్పుడే బండి ఎలా ఉందో తెలుస్తుందని నా నమ్మకం.

పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టాను. వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు వేసి, ముందు చక్రాలను రెండు నాపరాతి బండల మీదికి ఎక్కించి, కింద టార్పాలిన్ పరచుకున్నాను. నీళ్ళు జోరుగా కొట్టడం కాదు, నానబెట్టడం ముఖ్యం. రాత్రంతా తడి గోనెల కింద ఉన్నందుకు రేగడి జున్నుముక్కల్లా పెళ్ళలు పెళ్ళలుగా వచ్చేసింది. గీకడానికి వెదురు బద్దే వాడతాను, ఇనుము తగిలితే పెయింటు లేస్తుంది, ఆ చోట తుప్పు పడుతుంది. కమాను పట్టీల మధ్య, ఛాసిస్ రంధ్రాల్లో, డీజిలు ట్యాంకుకూ దాని రేకుకూ నడుమ, ఇలా వేలు పట్టే ప్రతి సందులోకీ వేలు పోనిచ్చాను. ఆ రంధ్రాలు మూసుకుపోతే లోపల నీళ్ళు నిలిచి, నెలల తరబడి నిదానంగా తినేస్తాయి. రేడియేటరుకు మాత్రం ఇంజను వైపు నుంచి ముందుకు, పైపు మూతికి వేలు అడ్డం పెట్టకుండా సన్నగా నీళ్ళు వదిలాను. మన్ను ఏ దారిన లోపలికి వచ్చిందో ఆ దారినే బయటికి పోవాలి.

నాయన మంచం తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. సేద్యానికి ఎద్దులున్న రోజుల్లో మడక విప్పాక వాటిని వంకలో కడిగిందాకా అన్నం తినేవాడు కాదు. "అబ్బీ, చక్రం లోపల చెయ్యి పెట్టినావా?" అన్నాడు. "ఎద్దునైనా అంతే. పైన నీళ్ళు పోస్తే ఏం తెలుస్తాది? చేత్తో రుద్దితేనే కదా, మెడ మీద కాడి రాపిడి, గిట్టల సందున ముల్లు తెలిసేది."

కుడి చక్రం లోపల మన్ను తప్ప ఏమీ లేదు. ఎడమ ముందు చక్రం వెనకాల చెయ్యి పోనిచ్చి తీస్తే వేళ్ళు నల్లగా వచ్చాయి. ఒళ్ళంతా నలుపే అయినప్పుడు అదేం వింత కాదు. పైపు కింద పెట్టాను. బురద కారిపోయింది. చూపుడు వేలి మీద నలుపు మాత్రం అలాగే ఉంది, దాని మీద నీళ్ళు ముత్యాల్లా నిలిచాయి. గ్రీజు.

టార్చి తెచ్చి పడుకుని చూశాను. యాక్సిలు కొసన ఉండే రబ్బరు తొడుగు, అదే బూటు, దాని మడతల్లో ఒకచోట బొటనవేలి గోరంత చీలిక. అక్కణ్నుంచి గ్రీజు చిమ్మి రిమ్ము లోపలి అంచున సన్నటి చారలా పడింది. పోయినేటి కంది మోడో, కంప పుల్లో తగిలి ఉంటుంది. ఆ బూటు లోపలే యాక్సిలు జాయింటు గుండ్లు ఉంటాయి. గ్రీజు బయటికి పోయి, దాని చోటికి సన్న ఇసుకా మన్నూ చేరితే గుండ్లు అరుగుతాయి. మలుపుల్లో టకటకమని చప్పుడు మొదలయ్యేసరికి మొత్తం జాయింటే మార్చాల్సి వస్తుంది. ఇప్పుడైతే బూటు, కొత్త గ్రీజు, ఒక పూట పని. నీళ్ళ జోరుతో కడిగి పంపించి ఉంటే ఆ చార కూడా కొట్టుకుపోయేది, నాకు తెలిసేదే కాదు. నాయనను పిలిచి చూపించాను. మోకాళ్ళు పట్టేసినా వంగి, చీలిక మీద వేలు ఆనించి చూసి, "మంచిపని చేసినావు" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంత తొందరగా రాదు. చేతులు కడుక్కునేటప్పుడు కూడా అదే తలుచుకుంటూ ఉన్నాను.

చీలిక చుట్టూ శుభ్రంగా తుడిచి, సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టాను. నంద్యాల దాకా మెల్లగా పోవడానికి అది చాలు.

ఇంకొక్క అనుమానం మిగిలింది, వెనక డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా. చాలాసేపు తిరిగి వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా వంక నీళ్ళలో దిగితే, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. పైన గాలి ఆడే గొట్టం, బ్రీదరు, మూసుకుపోయి ఉంటే, ఆ పీలుపుకు ఆయిలు సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లోపలికి చేరతాయి. నీళ్ళు నూనె కంటే బరువు. రాత్రంతా బండి కదలకుండా ఉంటే అడుక్కు దిగుతాయి. అందుకే కింది డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి, గాజు గ్లాసు పట్టాను. నీళ్ళు పడతాయేమోనని ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను. తేనె రంగు ఆయిలు నాలుగు చుక్కలు చిక్కగా జారింది. నీళ్ళు కలిసి ఉంటే పాలు పోసిన కాఫీలా ఉండేది. బోల్టు గట్టిగా బిగించి, బ్రీదరు గొట్టం తుడిచి, ఇరుసులను తిప్పే ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లకు గ్రీజు గన్ను పట్టాను. మొదట బూడిద రంగు నీళ్ళు కలిసిన పాత గ్రీజు వచ్చింది. కొత్తది ఏ మరకా లేకుండా కనిపించేదాకా కొడుతూనే ఉన్నాను.

ఎయిర్ ఫిల్టరు విప్పి చూస్తే పొడిగానే ఉంది. కాగితం ఫిల్టరు ఒకసారి తడిస్తే ఎండబెట్టి వాడకూడదు, మార్చాల్సిందే. ఈసారి ఆ ఖర్చు తప్పింది. వెనక డ్రమ్ములు మాత్రం విప్పలేదు. సన్నమన్ను చేరి లైనింగును అరగదీస్తుంది కాబట్టి అవి కూడా రేపు భాయ్ చేతే విప్పిస్తాను. ఊరి చివరి దాకా బ్రేకు మీద కాలు ఆనించి నడిపి, తడి ఆరేదాకా తిప్పి తెచ్చాను.

పదకొండయింది. వరండాలో పరిచిన తడి శనగలను నాయన చేత్తో కలియబెడుతున్నాడు. బండి కింద పడిన రేగడి రెండు గంపలైంది. తీసి పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "మన చేని మన్నే కదా" అని గుమ్మడి పాదు మొదట్లో పోయించింది.

రేపు పొద్దున్నే నంద్యాల. ఎడమ బూటు మార్పించాలి, కుడిది కూడా ఒకసారి చూడమనాలి. బుధవారానికి పదును కుదిరితే విత్తనం వేస్తాం. అప్పుడు మళ్ళీ ఇదే రస్తా.