టోక్యోలో ఇల్లు అద్దెకి తీసుకున్నా – నా అనుభవం

టోక్యో వచ్చి ఇల్లు వెతుక్కునే మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. నేను తీసుకుంది నిషికసాయిలో, ఎదొగావా వార్డు, ఇండియన్స్ ఎక్కువుండే ఏరియా. ఇక్కడ అద్దె ఇల్లు చింతాయి, సొంతిల్లు మోచీయే, ఓనర్ ఓయా-సాన్, ఈ మూడూ ముందు గుర్తుపెట్టుకోండి.

ఏజెంట్ మన ముందే ఓయా-సాన్‌లకి ఫోన్ చేస్తాడు. మాటల మధ్యలో గైకోకుజిన్ అంటాడు, అంటే ఫారినర్ అని, ఇక అంతే, కాసేపటికి ఫోన్ పెట్టేసి మనకి తల వంచి సారీ చెప్తాడు. జీతం, వీసా, కంపెనీ అన్నీ బానే ఉన్నా ఏ దేశమో చూసి వద్దంటే చాలా బాధేస్తుందండీ, ఇది మారాలి.

సరే, ఒకాయన ఒప్పుకున్నారు. వెంటనే మిత్సుమోరి అడగండి, ఎస్టిమేట్ అన్నమాట. అద్దె 1,10,000 యెన్లు, నాకిచ్చిన కాగితంలో డిపాజిట్ అంటే షికికిన్ ఒక నెల, రేకిన్ ఇంకో నెల, ఇది ఓనర్‌కి ఊరికే ఇచ్చేదే తిరిగి రాదు, ఏజెంట్‌కి నెల అద్దె ప్లస్ 10% టాక్స్, మనం అద్దె కట్టకపోతే ఓనర్‌కి హామీగా ఉండే గ్యారంటీ కంపెనీకి సగం నెల, ఫైర్ ఇన్సూరెన్స్, తాళం మార్చడానికి, మొదటి నెల అద్దె, అన్నీ కలిపి దాదాపు 5 నెలల అద్దె! ఫ్లాట్ చాన్నాళ్లుగా ఖాళీగా ఉందని తెలిసి రేకిన్ తీసేయమని అడిగా, తీసేశారు. ఏజెంట్ ఫీజు కూడా రూల్ ప్రకారం సగం నెలే, మనం ముందే ఒప్పుకుంటేనే నెల మొత్తం తీసుకోవాలి. మొహమాటపడకుండా అడగండి.

అగ్రిమెంట్‌కి ముందు రియల్ ఎస్టేట్ లైసెన్స్ ఉన్నాయన తన కార్డు చూపించి జూయో జికో, అంటే ఇంటి గురించిన ముఖ్య విషయాలుండే డాక్యుమెంట్, వివరంగా చెప్పాలి, చట్టమే అది. రెండేళ్లకోసారి కోషిన్‌ర్యో, అంటే రెన్యూవల్ ఫీజు కింద ఇంకో నెల అద్దె ఉందని అక్కడే చూశా. 2020 ఆగస్టు నుంచి వరద మ్యాప్‌లో మన బిల్డింగ్ ఎక్కడుందో కూడా చూపించాలి. ఎదొగావాలో చాలా భాగం సముద్రం పోటు మీదున్నప్పుడు నీటిమట్టం కన్నా కిందే ఉంటుంది, ఆయన పెన్నుతో మా వీధి చూపిస్తే చుట్టూ అంతా వరదొచ్చే చోటని రంగేసి ఉంది, మాది నాలుగో ఫ్లోర్ కాబట్టి సంతకం పెట్టా, కింది ఫ్లోర్ అయితే పెట్టేవాణ్ణి కాదు. 1981 జూన్ తర్వాతి భూకంప రూల్స్‌తో కట్టిందో లేదో కూడా కనుక్కోండి.

ఈ ఖర్చు చూసి కొనేద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట, మోచీయే అయినా ఫ్లాట్‌కి నెలనెలా మెయింటెనెన్స్, రిపేర్ల ఫండ్ కట్టాలి, ఏటా ప్రాపర్టీ టాక్స్ ఉంటుంది, లోన్‌కి చాలా బ్యాంకులు పర్మనెంట్ రెసిడెన్సీ అడుగుతాయి. అద్దెలోనే రేకిన్, ఏజెంట్ ఫీజు, రెన్యూవల్ ఫీజు వద్దనుకుంటే యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే ఇళ్లు చూడండి, గ్యారంటర్ కూడా అక్కర్లేదు.

తాళం చేతికొచ్చిన రోజే గోడలు, ఫ్లోరింగ్ మీద ఉన్న గీతలు డేట్ పడేలా ఫొటోలు తీసి మెయిల్ పెట్టేయండి, ఖాళీ చేసేటప్పుడు షికికిన్‌లో కోయకుండా అవే సాక్ష్యం. మారిన 14 రోజుల్లోపు వార్డ్ ఆఫీసులో అడ్రస్ మార్పించుకోండి.