మొదటి బాణం సంగతి

ఒత్తిడి బయట ఎక్కడా లేదనీ, అంతా మన మనసు కల్పించుకున్నదేననీ ఆఫీసులో శిక్షణ ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి బుద్ధుడి పేరు మీద తేల్చేయడం నన్ను ఇంకా వదలడం లేదు. మా ఆయన "మళ్లీ మొదలుపెట్టావా" అని గొణిగి అటు తిరిగి పడుకున్నారు.

ఆ పెద్దమనిషి ఉదహరించింది పాళీ బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలోని సల్ల సుత్తాన్ని, అంటే బాణం గురించిన బుద్ధుడి ఉపదేశాన్ని. ఒంటికి కలిగే నొప్పి మొదటి బాణమనీ, దాన్ని తలచుకొని కుమిలిపోవడం రెండో బాణమనీ, సాధన ఉన్నవాడికి మొదటిది మాత్రమే తగులుతుందనీ అందులో ఉంది. మొదటి బాణమే లేదని ఆ సుత్తం అనలేదు. ముగ్గురి పని ఒక్కరి నెత్తిన వేసి, వచ్చిన అలసటనంతా రెండో బాణం ఖాతాలో రాయడం బాణం వేసినవాళ్లకు మహా సౌకర్యం. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతి (ఈ క్షణంలో ఎరుకతో ఉండడం, ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్)తో పాటు సమ్యక్ కర్మ (సరైన నడత), సమ్యక్ ఆజీవం (సరైన జీవనోపాధి) కూడా ఉన్నాయి; అవి యాజమాన్యాలకు వర్తించవు కాబోలు.

ధ్యాన శిబిరంలో కదలకుండా కూర్చోమన్న ఆ గంట గుర్తుకొస్తోంది. మోకాలి నొప్పి అని నేను అంతవరకూ ఒకే ముద్దగా అనుకున్నది చూస్తూ ఉండగా మంటగా, లాగుడుగా, అదురుగా విడిపోయింది. వాటికి పక్కనే గంట ఎప్పుడు కొడతారన్న విసుగు, పక్కావిడ అంత హాయిగా ఎలా కూర్చుందన్న కుళ్లు వేరుగా కనిపించాయి. మనిషిని బౌద్ధం విడదీసి చూపే పంచస్కంధాలలో వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారం (మనసు స్పందన) అని అంత ఓపికగా ఎందుకు విడదీశారో నాకు పుస్తకం కంటే ఆ మోకాలే బాగా చెప్పింది.

శీలాన్ని, అంటే నీతి నియమాలను, వదిలేసి స్మృతిని మాత్రం పట్టుకుపోయారని, ధ్యానాన్ని ఆసుపత్రికి తెచ్చిన అమెరికన్ జాన్ కబట్-జిన్‌ను కూడా ఈ పూట దులిపేద్దామనుకున్నాను గానీ, ఇంతదాకా రాశాక చేయి రావడం లేదు. 1979లో ఆయన మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో స్మృతి సాధన నేర్పే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు వచ్చినవారిలో చాలామంది వైద్యంతో పూర్తిగా తగ్గని దీర్ఘకాలిక నొప్పులున్నవారు. ఆ తరువాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే మనస్తత్వవేత్తలు ఆ సాధననే కాగ్నిటివ్ థెరపీతో (ఆలోచనల తీరును సరిదిద్దే చికిత్సతో) కలిపి, తిరగబెట్టే డిప్రెషన్‌కు వాడారు. "నేను పనికిరానిదాన్ని" అన్న తలపును నిజమని నమ్మకుండా, వచ్చిపోయే తలపుగానే చూడడం అందులో నేర్పుతారు. చిత్తం క్షణక్షణం పుట్టి నశిస్తుందన్న అభిధర్మానికి, అంటే మనసును విశ్లేషించే బౌద్ధ శాస్త్రానికి, ఇది దూరపు చుట్టమే. ఆ రోగులను బౌద్ధ సంఘంలో చేరమనో, శీలం పాటించమనో షరతు పెట్టి ఉంటే ఎంతమంది గుమ్మం తొక్కేవారు?

కాబట్టి స్మృతిని విడదీసి తెచ్చారన్న నా పాత ఫిర్యాదును సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిన సగం మాత్రం ఆ ఆఫీసు పెద్దమనిషి లాంటివారి కోసం ఉంచుకుంటాను, ఎందుకంటే ఆ రోగుల నొప్పిని ముందు నొప్పిగా ఒప్పుకున్నాకే వారికి సాధన నేర్పారు.