ఇంట్రాన్‌లో ఒక్క బేసు మారితే

ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం) అయ్యాకే ఆర్‌ఎన్‌ఏ ప్రాసెసింగ్ (ఆ నకలును కత్తిరించి సిద్ధం చేయడం) మొదలవుతుందన్నట్టు పుస్తకాల్లో బొమ్మలు వేస్తారు. కణంలో మాత్రం రెండూ కలిసే నడుస్తాయి. ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 నుంచి 20–30 న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని లింకులు) బయటపడగానే 5' కొసకు, అంటే మొదటి కొసకు, క్యాప్ (టోపీ) పడుతుంది. మొదట అక్కడి ఒక ఫాస్ఫేట్ ఊడుతుంది, తర్వాత గ్వానోసిన్ తలకిందులుగా అతుక్కుంటుంది, చివర దాని 7వ స్థానంలో మిథైల్ చేరుతుంది. ఈ ఎంజైములు పాలిమరేజ్ తోకనే పట్టుకుని ఉంటాయి. మనుషుల్లో ఆ తోకలో ఏడు అమైనో ఆమ్లాల వరస 52 సార్లు వస్తుంది. ఆ వరసలో 5వ స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేట్ చేరితేనే క్యాపింగ్ ఎంజైములు వచ్చి కూర్చుంటాయి.

రెండో కొస సంగతి: ఏఏయూఏఏఏ సంకేతం దాటాక 10–30 న్యూక్లియోటైడ్ల దూరంలో ఆర్‌ఎన్‌ఏ తెగి, సుమారు 200 అడినిన్లు చేరతాయి. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునే వేళ తయారయ్యే హిస్టోన్ (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్) ఎంఆర్‌ఎన్‌ఏలకు ఈ పోలీ-ఏ తోక ఉండదు. పోలీ-ఏ తోకను పట్టుకునే ఆలిగో-డీటీతో లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన ఆర్‌ఎన్‌ఏ నకళ్ల సముదాయం) చేసి, హిస్టోన్లు కనబడలేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అవి కావాలంటే రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏను తీసేసే పద్ధతే వాడాలి.

అసలు కష్టమంతా స్ప్లైసింగ్‌లోనే, అంటే ఆర్‌ఎన్‌ఏ మధ్యలోని ఇంట్రాన్ ముక్కలను కోసేసి, మిగిలే ఎక్సాన్ ముక్కలను అతికించడంలోనే. ఈ పని చేసే యంత్రం స్ప్లైసోసోమ్. ఇంట్రాన్ మొదట్లోని జీయూ అనే రెండు బేసులను స్ప్లైసోసోమ్‌లోని యూ1 భాగం, బ్రాంచ్ పాయింట్ (ఇంట్రాన్ చివరి వైపు ఉండే ఒక చోటు) చుట్టుపక్కల వరసను యూ2 భాగం గుర్తుపడతాయి. బ్రాంచ్ పాయింట్‌లోని అడినోసిన్ 2' హైడ్రాక్సిల్ వెళ్లి జీయూ దగ్గర దాడి చేస్తుంది. ఇంట్రాన్ ఉచ్చులా ముడిపడుతుంది. ఆ తర్వాత విడిపడ్డ ఎక్సాన్ కొస, ఇంట్రాన్ చివరనున్న ఏజీ దగ్గర దాడి చేయగానే రెండు ఎక్సాన్లూ అతుక్కుంటాయి. ఈ ఏజీని స్ప్లైసోసోమ్ సాధారణంగా బ్రాంచ్ పాయింట్ నుంచి కిందికి వెతుక్కుంటూ పోతుంది గనుక, మధ్యలో కొత్త ఏజీ పుడితే ప్రమాదమే.

హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రోటీన్ జన్యువులో మొదటి ఇంట్రాన్ పొడవు 130 బేసులు. 110వ స్థానంలో జీ పోయి ఏ వస్తే, పక్కనున్న జీతో కలిసి ఏజీ అవుతుంది. స్ప్లైసోసోమ్ ఎక్కువసార్లు అక్కడే కోస్తుంది, ఇంట్రాన్‌లోని చివరి 19 బేసులు ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలిపోతాయి. వాటిలో మొదటి బేసు, ఎక్సాన్ చివరి రెండు బేసులతో కలిసి ఒక కోడాన్ (ప్రోటీన్ తయారీలో చదివే మూడు బేసుల మాట). మిగతా 18తో ఆరు కోడాన్లు, ఆరోది యూఏజీ. అంటే ఇంట్రాన్ అసలు కొసే స్టాప్ కోడాన్‌గా మారి, ప్రోటీన్‌ను మధ్యలోనే ఆపేస్తుంది. కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏ మాత్రం పాత ఏజీ దగ్గరే సరిగ్గా కోసుకుంటుంది. అందుకే ఈ మార్పున్న బీటా థలసీమియాలో (వంశపారంపర్యంగా వచ్చే రక్తహీనత జబ్బులో) బీటా గ్లోబిన్ బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగిపోదు.