సంతకం ఎవరిది? హౌస్‌సర్జన్‌గా నా అనుభవం

సర్జరీ పోస్టింగులో చేరగానే నాకు అప్పజెప్పిన పని కన్సెంటు, అంటే ఆపరేషన్‌కు రోగి ఒప్పుకోలు, తీసుకోవడం. "రేపటి లిస్టులో ఉన్నవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించెయ్" అన్నారు సీనియర్. తిరుపతిలో నేను పనిచేసిన ఆసుపత్రిలో అది హౌస్‌సర్జన్ల పనే. ఆపరేషన్ చేసే డాక్టరే వచ్చి చెప్పాలని నా గట్టి అభిప్రాయం. కానీ లిస్టు పెద్దది, మనుషులు తక్కువ.

మా 2019 బ్యాచ్‌తోనే ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ వచ్చింది. వైద్య నీతి, రోగితో మాట్లాడే తీరు అందులో నేర్పుతారు. సమీరా కోహ్లీ కేసు గురించి అప్పుడే చదివాను. పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె తెలివిలో లేనప్పుడు తల్లి ఒప్పుకోలుతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితేమీ కాదు, ఆ ఒప్పుకోలు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది.

వార్డులో తిరుత్తణి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. పిత్తాశయంలో రాళ్లు. ఫారం తీయగానే కొడుకు పెన్ను అందుకుని, "ఎక్కడ పెట్టాల మేడమ్?" అన్నాడు. ఆవిడ మంచం మీద కూర్చుని మా ఇద్దరినీ చూస్తున్నారు. ఫారం తెలుగులో, ఇంగ్లీషులో ఉంది. ఆవిడకు అరవం తప్ప రాదు.

"సంతకం అమ్మదే అన్నా" అని చెప్పి, అరవం వచ్చిన సిస్టర్‌ని పిలిచాను. చిన్న రంధ్రాలు వేసి చేస్తామని, లోపల బాగా అతుక్కుపోయి ఉంటే పొట్ట కోయాల్సి రావచ్చని చెప్పించాను. ఆవిడ ముఖం మారిపోయింది. "కోస్తే ఎన్నాళ్లు పనికి పోకూడదు?" అని అడిగారు. కొడుక్కి తట్టని ప్రశ్న అది. కూలికి పోయేది ఆవిడ కదా! యూనిట్ చీఫ్‌ని అడిగి వచ్చి, బరువు పనులకు నెల, నెలన్నర ఆగాలని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించుకున్నారు. మేం చెప్పిందంతా ఒకసారి ఆవిడ నోటితో చెప్పించుకున్నాక, ఎడమ బొటనవేలికి ఇంకు రాసి ముద్ర వేయించాను. సాక్షిగా సిస్టర్ సంతకం చేశారు.

ఆ తర్వాత ఆపరేషన్ రోజు పొద్దున హడావిడిగా కాకుండా, ముందురోజు సాయంత్రమే ఫారాలు పట్టుకుని వెళ్లేదాన్ని. అరవం మాట్లాడే రోగులుంటే ఆ సిస్టర్ డ్యూటీ ఎప్పుడో ముందే కనుక్కునేదాన్ని. కష్టమైన కేసులకు చీఫ్‌నే వచ్చి చెప్పమని అడిగాను. ఆయన కాదనలేదు.