వీణ మీది ఒక స్క్రూ కోసం: రోటరీ టూల్ ఎంచుకున్న నా అనుభవం

మా మేనత్త వాయించిన బొబ్బిలి వీణ విజయనగరంలోని మా ఇంట్లో చాలా ఏళ్లుగా తీగలు లేకుండా గోడవారన ఉండిపోయింది. మా అమ్మాయి నేర్చుకుంటానని అడిగినప్పుడు దుమ్ము దులిపి చూస్తే, తీగల చివరలు కట్టే నాగపాశాన్ని పట్టి ఉంచిన స్క్రూలలో ఒకటి తుప్పుపట్టి, దాని ఉబ్బెత్తు తల మీది గాడి పూర్తిగా అరిగిపోయి కనిపించింది. మెట్ల పని, మైనం పని బొబ్బిలి వీణలు తయారుచేసే గొల్లపల్లి పనివారు చేయవలసినవి, వాటిలో నేను వేలు పెట్టదలచుకోలేదు. కానీ ఆ స్క్రూ తలపై కొత్త గాడి కోసి దాన్ని ఊడదీయడం నా చేతిలో ఉన్న పనేననిపించింది. ఇంట్లో తలుపు గొళ్లేలు, కుట్టుమిషను, రేడియో వంటివి నేనే బాగు చేసుకుంటాను కాబట్టి, చిన్న బిట్లను వేగంగా తిప్పి కోయడానికి, గీకడానికి పనికొచ్చే, చేతిలో ఇమిడే రోటరీ టూల్ ఒకటి కొనాలని చాలాకాలంగా అనుకుంటూనే ఉన్నాను.

మొదటిసారి తప్పుగా కొన్నాను. వందకు పైగా చిన్న బిట్లతో కూడిన పెట్టె 1,800 రూపాయలకే వస్తోందని సంతోషించి తెప్పించాను. అదృష్టవశాత్తూ వీణ మీద పెట్టే ముందు ఒక పనసచెక్క ముక్కకు పాత స్క్రూ బిగించి దాని మీద ప్రయత్నించాను. కోత డిస్క్ అంచు నిలకడగా తిరగకుండా అటూఇటూ ఊగింది, గాడి వెడల్పుగా, వంకరగా పడింది, డిస్క్ జారి చెక్కపై లోతైన గీత పడింది. అదే గీత వీణ కుండపై పడి ఉంటే నన్ను నేను క్షమించుకోగలిగేవాణ్ణి కాదు.

లోపం నా చేతిలో ఉందా, పనిముట్టులో ఉందా అన్నది తేల్చుకోవడానికి గంటస్తంభం దాటాక ఒక సందులో పనిచేసే వృద్ధ స్వర్ణకారుని దగ్గరకు దాన్ని తీసుకువెళ్లాను. ఆయన మోటారును పైన కొక్కేనికి వేలాడదీసి, దాని నుంచి దిగే, వంగే గొట్టంలాంటి ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ చివర ఉన్న సన్నని పిడిని పెన్నులా పట్టుకుని, కాలితో వేగాన్ని అదుపు చేస్తూ పని చేస్తారు. నా పనిముట్టులో ఒక నిటారు డ్రిల్ బిట్ బిగించి, ప్లగ్గులో పెట్టకుండానే వేలితో మెల్లగా తిప్పి మొన వైపు చూడమన్నారు. మొన ఒకచోట నిలవకుండా చిన్న సున్నా గీస్తోంది. ‘మొన వణికితే మోటారు ఎంత పెద్దదైతే ఏటి లాభం మాస్టారూ’ అన్నారాయన. కొనడం గురించి నాకు దొరికిన మొదటి సరైన పాఠం అదే.

బిట్ కాడను పట్టి ఉంచే చీలికల గొట్టాన్ని కొల్లెట్ అంటారు. అది, దాన్ని మోసి తిప్పే ఇరుసు (స్పిండిల్), వెనక ఉన్న బేరింగులు మూడూ ఒకే నడిమిరేఖలో ఉంటేనే మొన నిలుస్తుంది. ఈ తరగతి పనిముట్లలో సర్వసాధారణంగా వాడే కాడ మందం 3.2 మిల్లీమీటర్లు. స్వర్ణకారులు, దంతవైద్యులు వాడే చిన్న బర్రుల (గీకే పళ్లున్న మొనల) కాడ 2.35 మిల్లీమీటర్లు ఉంటుంది, అవి 2.4 మిల్లీమీటర్ల కొల్లెట్‌లో సరిగ్గా కూర్చుంటాయి. అందుకే ఈ రెండు కొల్లెట్లూ విడిగా దొరికే పనిముట్టునే కొనాలని నిశ్చయించుకున్నాను. చేత్తో బిగించే చక్ అన్ని మందాలనూ పట్టుకుంటుంది కానీ, సన్నని పనికి కొల్లెట్ బిగింపే నమ్మదగినదని నా అనుభవంలో తేలింది.

తరువాత వేగం. భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి కావడంతో కాగితం మీద లెక్క వేసి చూశాను. 38 మిల్లీమీటర్ల వ్యాసం గల డిస్క్ నిమిషానికి 30,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 60 మీటర్ల వేగంతో కదులుతుంది. అదే మోటారుకు 3 మిల్లీమీటర్ల బర్రు తగిలిస్తే దాని అంచు వేగం సెకనుకు 5 మీటర్లకు కూడా చేరదు. చిన్న మొనకు అంత వేగం అవసరమే. కానీ ప్లాస్టిక్ ఆ వేగంలో కరిగి బిట్‌కు అంటుకుంటుంది, చెక్క నల్లబడుతుంది. తుప్పు గీకే తీగ బ్రష్ పెట్టెపై 15,000 చుట్లకు మించి తిప్పవద్దని స్పష్టంగా రాసి ఉంటుంది, మించితే తీగలు ఊడి ముఖం మీదికి ఎగురుతాయి. కాబట్టి గరిష్ఠ వేగం కంటే కనిష్ఠ వేగం ఎంత అన్నదే నేను ముందు చూసిన అంకె. పైగా, తక్కువ వేగంలో కాస్త ఒత్తగానే ఆగిపోయే మోటారు వల్ల ప్రయోజనం లేదు, బరువు పడినప్పుడు వేగాన్ని నిలబెట్టే ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉండాలి.

ఊళ్లోని పనిముట్ల దుకాణంలో 400 వాట్ల డై గ్రైండర్ చూపించి, శక్తి చాలా ఎక్కువ, ధర తక్కువ అని చెప్పారు. వెల్డింగ్ అతుకులు నున్న చేసేవారికి అది మంచి పనిముట్టే. 6 మిల్లీమీటర్ల కొల్లెట్‌తో, రెండు చేతులతో పట్టుకోవలసిన బరువుతో ఉన్న దాన్ని వీణ దగ్గరకు తీసుకువెళ్లే ధైర్యం నాకు లేదు. బ్యాటరీది కూడా ఆలోచించాను, నేను నెలకు రెండుసార్లు వాడే మనిషిని, కొన్నేళ్లకు బ్యాటరీ బలహీనపడితే మళ్లీ ఖర్చు అని వదిలేశాను. అమెరికాలో ఉన్న మా తమ్ముడు అక్కడి నుంచి తెస్తానన్నాడు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230, దానికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ తగిలించుకోవాలి కనుక వద్దన్నాను.

చివరకు డ్రెమెల్ 4000 కొన్నాను. 1932లో అమెరికాలోని రేసీన్ పట్టణంలో ఆల్బర్ట్ డ్రెమెల్ మొదలుపెట్టిన ఆ సంస్థ 1993 నుంచి జర్మనీకి చెందిన బాష్ సంస్థ చేతిలో ఉంది, ఇలాంటి పనిముట్లన్నిటినీ చాలామంది ఆ పేరుతోనే పిలుస్తారు. 175 వాట్లు, 5,000 నుంచి 35,000 చుట్ల వరకు వేగం, పైన చెప్పిన నియంత్రణ ఉన్నాయి. ధర మొదటిదానికి ఐదు రెట్లకు పైనే అయింది. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే డ్రిల్ బిట్ బిగించి మొన పరీక్ష చేశాను, ఐదు నిమిషాలు తిప్పి ముందుభాగం వేడెక్కుతుందేమో చేత్తో చూశాను, మోటారు లోపల కరెంటు అందిస్తూ అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయని నిర్ధారించుకున్నాను. పనిముట్టుతోపాటు ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ కూడా కొని, స్వర్ణకారుని పద్ధతిలో మోటారును కిటికీ కమ్మికి వేలాడదీశాను. షాఫ్ట్‌ను మరీ ఇరుకుగా వంచితే లోపలి తీగ రాసుకుని వేడెక్కుతుంది, అందువల్ల విశాలమైన వంపు ఉండేలా ఎత్తు సరిచేసుకున్నాను.

వీణ పని ఆదివారం ఉదయం పెట్టుకున్నాను. స్క్రూ చుట్టూ పలుచని రేకు పరిచి నిప్పురవ్వలు చెక్కకు తగలకుండా కప్పాను. కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్క్ పెట్టుకుని, వదులు చొక్కా తీసేసి బిగుతుదైనది వేసుకుని, 24 మిల్లీమీటర్ల డిస్క్‌ను 20,000 చుట్ల దగ్గర ఉంచి, ఒత్తకుండా డిస్క్ బరువుతోనే తల మీద ఆనించి తీస్తూ వచ్చాను. ఒత్తితే ఆ డిస్క్ పెళుసుగా విరిగిపోతుంది. నాలుగైదుసార్లకు మిల్లీమీటరు లోతు గాడి నిటారుగా పడింది. చల్లారాక స్క్రూడ్రైవర్ పెట్టి ముందు బిగించే దిశలో పిసరంత కదిపి, తరువాత వెనక్కి తిప్పితే స్క్రూ కిర్రుమంటూ కదిలి, నాలుగు చుట్లకు చేతిలోకి వచ్చింది. వీణ పనసచెక్క మీద ఒక్క గీతైనా పడలేదు. దాని స్థానంలో ఇత్తడి స్క్రూ వేశాను. మరుసటి వారం మెట్లు సరిచేయించడానికి మా అమ్మాయితో కలిసి వీణను గొల్లపల్లి తీసుకువెళ్లాను.