కళింగపట్నం ఒడ్డున న్యూట్రినో కబుర్లు

జనవరిలో ఒక సాయంత్రం మా బావమరిదితోనూ, అతడు పాఠాలు చెప్పే ఇంటర్ పిల్లలతోనూ కలిసి శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం వెళ్లాను. దీపస్తంభం వెలుగు కంటికి అడ్డురాని ఇసుకతిన్నె చూసుకుని కూర్చునేసరికి తూర్పున ఓరియన్ నక్షత్రమండలం నీటిమీదికి బాగా లేచింది. నేను పిల్లలకు చూపించాలనుకున్నది అందులోని బెల్లాట్రిక్స్ అనే నక్షత్రం పక్కన, మామూలు కంటికి ఏమీ కనిపించని చోటు.

2017 సెప్టెంబరు 22న ఆ దిక్కు నుంచి వచ్చిన, సుమారు 290 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉందని అంచనా వేసిన న్యూట్రినో (పదార్థాన్ని దాదాపు తాకకుండా దూసుకుపోయే సూక్ష్మకణం) ఒకటి దక్షిణ ధ్రువపు మంచులో అమర్చిన ఐస్‌క్యూబ్ అనే పరికరానికి చిక్కింది. అంతరిక్షం నుంచి వచ్చే కణాలైన కాస్మిక్ కిరణాలకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అయస్కాంత క్షేత్రాలు వాటి దారి మళ్లిస్తాయి. ఆవేశం లేని న్యూట్రినో సూటిగా వస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు వెంటనే అటు చూడగలిగారు, అక్కడ ఒక బ్లేజర్ (నడిమిన ఉన్న భారీ కృష్ణబిలం నుంచి మనవైపు కణాల ధారను చిమ్మే గెలాక్సీ) గామా కిరణాలతో చెలరేగి ఉండటం గమనించారు.

"దక్షిణ ధ్రువానికి ఓరియన్ కనబడుతుందా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! ఆ చోటు ధ్రువం దగ్గర ఎప్పుడూ క్షితిజానికి దిగువనే ఉంటుంది, అంటే ఆ కణం నేలలోంచే వచ్చింది. మిగతా కణాలను భూమి ఆపేస్తుంది కనుక అలా కిందినుంచి వచ్చేవాటిని నమ్మడం తేలిక.

ఐస్‌క్యూబ్ కోసం మంచును వేడినీటితో కరిగించి, 86 తీగలకు వెలుగును పసిగట్టే 5,160 గాజుగోళాలు కట్టి, 1,450 నుంచి 2,450 మీటర్ల లోతున దించారు. పైమంచులో గాలిబుడగలు వెలుగును చెదరగొడతాయి. లోతున ఒత్తిడికి ఆ బుడగలు మాయమై మంచు తేటపడుతుంది, న్యూట్రినో తాకిడికి పుట్టిన కణం వెదజల్లే లేతనీలి చెరెంకోవ్ కాంతి అక్కడ చాలా దూరం పారుతుంది.

పక్కనే వల సర్దుకుంటూ అంతా విన్న పెద్దాయన, "మరి సముద్రంలో దించితే ఏటవుద్ది బాబూ?" అన్నాడు. అదీ జరుగుతోందని, మధ్యధరా సముద్రంలో సిసిలీ దగ్గర అమర్చిన కేఎం3నెట్ అనే న్యూట్రినో పరికరం 2023 ఫిబ్రవరి 13న సుమారు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టుల (పెటా అంటే వెయ్యి టెరాలు) న్యూట్రినోను పసిగట్టిందని చెప్పాను. "రాత్రిపూట వల లాగితే నీల్లు మెరుస్తాయి కదా, ఆ వెలుగు అడ్డు కాదేటి?" అన్నాడాయన. నిజంగానే అడ్డు, తాతా. సముద్రజీవుల మెరుపునూ, ఉప్పునీటిలోని పొటాషియం-40 వల్ల పుట్టే వెలుగునూ వాళ్లు లెక్కగట్టి తీసెయ్యాలి. ధ్రువపు మంచులో ఆ బెడద లేదు.